దేవుడిచ్చిన కుమారుడు: క్రిస్మస్ గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డిసెంబరు సంచికకు చెన్నైలోని తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాల్లో చాలావరకు క్రిస్మస్‌ను గురించినవే. సంఘాలు వేరైనా, ఉండే పేటలు వేరైనా, వారు అడిగిన సంగతి దాదాపు ఒక్కటే. దేవుడు మనకు తన కుమారుణ్ణి అనుగ్రహించాడనే మాటకు అసలు అర్థమేమిటి? ఆ మాట నమ్మినవారి ఇంట్లో అది ఎలా కనబడాలి? ఉత్తరాలను కొంత కుదించి జవాబులు రాస్తున్నాను. వాక్యభాగాలను మన సంఘాల్లో చదువుకునే పాత అనువాదం నుంచే తీసుకున్నాను.

ప్రశ్న: "క్రీస్తే దేవుడిచ్చిన గొప్ప కానుక" అని ప్రతి క్రిస్మస్‌కూ ప్రసంగంలో వింటాను, ఆమేన్ అంటాను. ఈ మధ్య మా పక్కింటి చెల్లెలు, "ఒక బిడ్డ పుడితే ఆ తల్లిదండ్రులకు కానుక అవుతుంది గానీ, రెండు వేల ఏళ్ల తర్వాత మీకెలా కానుక అవుతుందక్కా? ఆయన మీకేమిచ్చాడు?" అని అడిగింది. నాకు సరిగా చెప్పడం చేతకాలేదు. — ఒక గృహిణి, పెరంబూరు

జవాబు: అమ్మా, మీ పక్కింటి సోదరి అడిగినది చాలా మంచి ప్రశ్న. సంఘంలో పుట్టి పెరిగిన మనం అడగడం మానేసిన ప్రశ్న కూడా.

క్రీస్తు పుట్టడానికి సుమారు 700 ఏళ్ల ముందు యెషయా ప్రవక్త, "మనకు శిశువు పుట్టెను మనకు కుమారుడు అనుగ్రహింపబడెను" అని పలికాడు (యెషయా 9:6). ఆ బిడ్డ పుట్టింది మరియమ్మ ఒడిలోనే అయినా, ప్రవక్త మాత్రం "మనకు" అంటున్నాడు. బేత్లెహేము పొలాల్లో కాపరులతో దూత చెప్పిందీ అదే: "నేడు రక్షకుడు మీ కొరకు పుట్టియున్నాడు." ఆ కాపరులు మరియ యోసేపులకు చుట్టాలు కారు, ఆ కుటుంబంతో వారికి ముఖపరిచయం కూడా ఉన్నట్టు లేఖనంలో లేదు. అయినా ఆ పుట్టుక వారి కొరకేనని పరలోకం ప్రకటించింది. కాబట్టి ఇది ఒక ఇంటికి పరిమితమైన శుభవార్త కాదనే సంగతి మొదటి రాత్రే తేలిపోయింది.

ఇక ఆయన ఏమిచ్చాడన్న ప్రశ్న. వాన, ఎండ, పంట, ఊపిరి దేవుడు అందరికీ ఇస్తూనే ఉన్నాడు. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా వర్షం కురిపిస్తున్నాడని ప్రభువే చెప్పాడు. ఇశ్రాయేలీయులకు ధర్మశాస్త్రం ఇచ్చాడు, ప్రవక్తలను పంపాడు. ఇవన్నీ ఈవులే, కానీ ఇచ్చేవాడు పైనే ఉండి పంపినవి. బేత్లెహేములో మాత్రం ఆయన మరొకదాన్ని పంపలేదు, తానే వచ్చాడు. ఈ ఒక్క సంగతి మీదే క్రీ.శ. 325లో, నేటి టర్కీలో ఉన్న నైసియా పట్టణంలో సంఘ నాయకులు కూడి తీవ్రంగా చర్చించారు. కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టింపబడినవాడే అని అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అరియస్ బోధించాడు. ఆయన చెప్పినదే నిజమైతే, దేవుడు తనకు బదులుగా ఒక శ్రేష్ఠుడైన సేవకుణ్ణి పంపి, తాను దూరంగానే ఉండిపోయినట్టు. సభ ఆ బోధను తోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని, మన కొరకు, మన రక్షణ కొరకు పరలోకం నుంచి దిగివచ్చాడని ఒప్పుకుంది. ఆదివారం నాడు ఆ విశ్వాస ప్రమాణాన్ని మనం గబగబా చదివేస్తాం గానీ, క్రిస్మస్‌కు ఉన్న బలమంతా ఆ మాటల్లోనే ఉంది.

ఎందుకు రావలసి వచ్చింది? అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి, "పాపమువలన వచ్చు జీతము మరణము, అయితే దేవుని కృపావరము మన ప్రభువైన క్రీస్తు యేసునందు నిత్యజీవము" అని రాశాడు (రోమా 6:23). మనం చేసిన పనులకు లెక్కగట్టి రావలసినది ఒకటి ఉంది, అది మరణం. లెక్కకు అందకుండా దేవుడు ఇచ్చినది మరొకటి ఉంది, అది జీవం. ఆ రెండోది వస్తువులా విడిగా దొరికేది కాదని, క్రీస్తునందే ఉందని కూడా పౌలు అదే వాక్యంలో చెప్పాడు. పాపక్షమాపణ, దేవునితో సమాధానం, మరణం తర్వాత జీవం, ఇవన్నీ క్రీస్తును చేర్చుకున్నవారికి ఆయనతోపాటే వస్తాయి.

లూకా సువార్త రెండో అధ్యాయాన్ని మీరు ఆ సోదరితో కలిసి నెమ్మదిగా చదవండి. లూకా పెద్దగా వర్ణించడు. మరియ తొలిచూలు కుమారుని కన్నది, పొత్తిగుడ్డలతో చుట్టింది, సత్రంలో స్థలం లేనందున పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. అంతే. ఆ కాలంలో ఆ ప్రాంతపు తొట్లు చాలావరకు రాతిలో తొలిచినవి, పశువులకు మేత వేసేవి. సమస్తాన్ని పోషించేవాడు తల్లి పాల కోసం ఏడ్చాడు. ఆయనను ఎత్తుకోవడానికి ఒకరు, గుడ్డ కప్పడానికి ఒకరు, ఆ బిడ్డను చంపజూసిన హేరోదు రాజు చేతికి చిక్కకుండా ఐగుప్తుకు (ఈజిప్టుకు) తీసుకుపోవడానికి ఒకరు కావలసి వచ్చారు. దేవుడు తనను తాను మనుషుల చేతుల్లో పెట్టాడనడానికి ఇంతకంటే సూటిగా చెప్పే మార్గం నాకు తెలియదు. ఆ చేతులే ముప్పై చిల్లర ఏళ్ల తర్వాత ఆయనను సిలువకు కొట్టాయి, ఆయన వారించలేదు. "తన సొంతకుమారుని అనుగ్రహించుటకు వెనుకతీయక మన అందరికొరకు ఆయనను అప్పగించినవాడు" అని రోమా 8:32 చెప్పేటప్పుడు తొట్టీ సిలువా రెండూ ఒకే ఇవ్వడంలోని భాగాలుగా కనిపిస్తాయి. తొట్టి దగ్గరే ఆగిపోయే క్రిస్మస్ ప్రసంగం సగం ప్రసంగమేనని నా అభిప్రాయం.

ప్రశ్న: మాది హిందూ కుటుంబం. మా అపార్ట్‌మెంటులోని క్రైస్తవ మిత్రులు ఏటా కేకు, గులాబీ పువ్వులు పంచుతారు. దీపావళికి మేమూ మిఠాయిలు ఇస్తాం. దేవుడు భూమి మీదికి రావడమనేది మాకు కొత్త కాదు, అవతారాలు ఉన్నాయి కదా. మరి క్రిస్మస్‌లో వేరేమిటి? ఆ కానుక క్రైస్తవులకేనా? — ఒక బ్యాంకు ఉద్యోగి, అంబత్తూరు

జవాబు: అయ్యా, మా పత్రికను చదివి, ఇంత మర్యాదగా అడిగినందుకు కృతజ్ఞతలు. మీ ప్రశ్నను దాటవేయకుండా, మీ విశ్వాసాన్ని తక్కువ చేయకుండా, మా గ్రంథం చెప్పినది చెప్పినట్టు రాస్తాను.

ధర్మానికి హాని కలిగినప్పుడు సాధువులను రక్షించడానికీ, దుష్టులను నశింపజేయడానికీ భగవంతుడు యుగయుగాన అవతరిస్తాడని భగవద్గీత నాలుగో అధ్యాయం చెబుతుంది. దేవుడు మనుషులను విడిచిపెట్టడనే ఆశ అందులో ఉంది. ఆ ఆశను మేము గౌరవిస్తాం. క్రైస్తవ విశ్వాసం రెండు చోట్ల వేరుగా మాట్లాడుతుంది. మొదటిది, క్రీస్తు రాక ఒక్కసారే జరిగినదని, మళ్లీ మళ్లీ జరగవలసినది కాదని హెబ్రీయులకు రాసిన పత్రిక చెబుతుంది. ఆయన మానవ శరీరాన్ని కొంతకాలం ధరించి విడిచిపెట్టలేదు. తిరిగి లేచినప్పుడు కూడా శిష్యులకు చేతులూ పాదాలూ చూపించి, వారి ఎదుట కాల్చిన చేప తిన్నాడు. మనిషి కావడం ఆయనకు శాశ్వతమైన నిర్ణయం.

రెండోది నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. ఆయన ఎవరి కొరకు వచ్చాడన్న దానికి సువార్తల్లో వచ్చే జవాబు వినేవారిని నిలబెట్టేస్తుంది. నీతిమంతులను కాదు, పాపులనే పిలవడానికి వచ్చానని యేసు, జనం పాపులుగా చూసిన సుంకరుల (పన్నులు వసూలు చేసేవారి) ఇంట భోజనం చేస్తూ చెప్పాడు. "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను" అని పౌలు రాశాడు (రోమా 5:8). అంటే దుష్టుణ్ణి తొలగించి మంచివాణ్ణి కాపాడడం కాకుండా, దుష్టుని స్థానంలో తాను నిలబడి అతణ్ణి మార్చడం ఆయన ఎంచుకున్న మార్గం. మమ్మల్ని మేము ఆ మంచివారి వరుసలో నిలబెట్టుకోలేం కాబట్టి, ఇది మాకు శుభవార్త అయింది.

క్రైస్తవులకేనా అన్నారు. ఆ రాత్రి క్రైస్తవులనే పేరు గలవారు ఒక్కరూ లేరు. "ప్రజలందరికిని కలుగబోవు మహా సంతోషకరమైన సువర్తమానము" అని దూత అన్నాడు. మత్తయి సువార్తలో ఆ బిడ్డను వెతుక్కుంటూ వచ్చి సాగిలపడినవారు తూర్పు దేశపు జ్ఞానులు. యూదులు కారు, వారి పండుగలు, వారి ఆచారాలు వేరు. దేవాలయంలో ఆ శిశువును ఎత్తుకున్న వృద్ధుడైన సుమెయోను, అన్యజనులకు వెలుగుగా ఈయన వచ్చాడని స్తుతించాడు. కాబట్టి ఇది అందరి ముందూ పెట్టబడినదే. తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం ఎవరికి వారు దేవుని యెదుట తేల్చుకోవలసినది; బలవంతంగా చేతిలో కుక్కితే అది కానుక కానే కాదు. మీ మిత్రులు ఇచ్చే కేకు వెనుక ఎలాంటి షరతూ ఉండదు, ఉండకూడదు. నిశ్చింతగా తినండి. ఇంకా తెలుసుకోవాలనిపిస్తే లూకా సువార్తను మొదటి నుంచి చివరి వరకు ఒక్కసారి చదవండి. ఓపికగా చదివితే రెండు మూడు గంటల పని.

ప్రశ్న: రక్షణ ఉచితమని బోధిస్తారు. ఊరికే వచ్చినదానికి విలువ ఉండదు కదా? నేను పనిచేసే చోట ప్రతిదానికీ లెక్క ఉంటుంది. దేవునికి ఏదో ఒకటి తిరిగి ఇవ్వకపోతే నాకు మనసు ఒప్పదు. — ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షోళింగనల్లూరు

జవాబు: తమ్ముడూ, ఈ ఇబ్బంది నీ ఒక్కడిదే కాదు. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం చూసే ఉంటావు. పందిరి ఒక పక్కన బల్ల వేసుకుని ఒకరు కూర్చుంటారు. ఇచ్చినవారి పేరు, ఊరు, మొత్తం రాసుకుంటారు. తమిళ బంధువులు దాన్నే మొయ్ అంటారు. ఫలానా మామయ్య మనకు 1,116 చదివించాడంటే, ఆయన కూతురి పెళ్లికి పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా చదివిస్తాం. అది మంచి ఆచారమే. ఎన్నో కుటుంబాలు దానివల్ల పెళ్లి ఖర్చుల నుంచి గట్టెక్కాయి. అయితే చాలామంది దేవుని దగ్గర కూడా అలాంటి పుస్తకమే తెరిచి పెట్టుకుంటారు. ఆయన ఇంత ఇచ్చాడు కాబట్టి నేను ఇంత చెల్లిస్తే ఎవరి బాకీ ఎవరికీ ఉండదని అనుకుంటారు. బాకీ తీరిపోయిన చోట రాకపోకలు కూడా తగ్గిపోతాయి. దేవుడు కోరుకున్నది ఆ దూరాన్ని చెరిపివేయడం.

116వ కీర్తన రాసిన భక్తుడికి కూడా నీ ప్రశ్నే వచ్చింది. "యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకేమి చెల్లించుదును?" అని అడుగుతాడు. జవాబుగా ఇన్ని కోడెలు అర్పిస్తాననో, ఇంత వెండి ఇస్తాననో అంటాడేమోనని మనం ఎదురుచూస్తాం. ఆయన చెప్పిన మొదటి మాట వేరు: "రక్షణపాత్రను చేత పుచ్చుకొని యెహోవా నామమున ప్రార్థన చేసెదను." చెల్లింపు గురించి అడిగి, ఇంకొకసారి చేయి చాపుతున్నాడు. తర్వాత మ్రొక్కుబళ్లు చెల్లిస్తాడు, కృతజ్ఞతార్పణ అర్పిస్తాడు. కానీ అవన్నీ పుచ్చుకున్న తర్వాతే.

ఉచితమంటే పుచ్చుకునేవాడికి ఉచితం. ఇచ్చినవాడికి అది ఎంత ఖరీదైందో సిలువకు ముందు రాత్రి యేసు వేదనతో ప్రార్థించిన గెత్సేమనే తోట వృత్తాంతాన్ని చదివితే తెలుస్తుంది. ఆ ఖరీదును మనం తీర్చగలమనుకోవడం వినయంలా కనిపిస్తుంది గానీ, దానిలో గర్వం దాగి ఉంటుంది. ఎవరికీ రుణపడి ఉండకూడదన్న పట్టుదల నీ కంపెనీలో గుణమే కావచ్చు, కన్నతండ్రి దగ్గర కాదు.

మరి మారడం, మంచి పనులు చేయడం అక్కరలేదా అంటే, యెరికో పట్టణంలో జక్కయ్య కథ చూడు. పన్నులు వసూలు చేసి ధనవంతుడైన మనిషి. చెట్టెక్కి చూస్తున్నవాడిని యేసు పేరు పెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట ఉండాలన్నాడు. అప్పటికి జక్కయ్య ఒక్క రూకైనా ఎవరికీ తిరిగి ఇవ్వలేదు, ఇస్తానని మాట కూడా ఇవ్వలేదు. ప్రభువు ఇంటికి వచ్చాక, జనం సణుగుతుండగా అతడు లేచి నిలబడి, తన ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు మరల చెల్లిస్తానని అన్నాడు. ధర్మశాస్త్రం సాధారణంగా కోరిన దానికంటే అది ఎంతో ఎక్కువ. అతిథిని కొనడానికి కాదు, అతిథి వచ్చిన సంతోషంలో అతడి చేయి తెరుచుకుంది. వరుస తిరగబడితే కథ పాడైపోతుంది.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పాలి. క్రిస్మస్ కూటాల్లో కొందరు బోధకులు "ఈ పండుగకు దేవునికి విత్తనం నాటండి, వంద రెట్లు వస్తుంది" అని కానుకలు అడుగుతున్నారు. దేవుడు తన కుమారుణ్ణే ఇచ్చిన రోజున ఆయనతో వడ్డీ వ్యాపారం నేర్పడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. కానుక వేయండి, సంతోషంగా వేయండి. దానికి బదులు అడగకండి.

ప్రశ్న: సండే స్కూల్ పిల్లలతో క్రిస్మస్ నాటిక వేయిస్తున్నాను. ముగ్గురు జ్ఞానులను పెట్టాలా? క్రిస్మస్ తాత వేషం వద్దని ఒక పెద్దాయన పట్టుబట్టారు. పైగా డిసెంబరు 25 బైబిల్లోనే లేదంటున్నారు. — ఒక ఉపాధ్యాయిని, ఆవడి

జవాబు: జ్ఞానులు ఎంతమందో మత్తయి చెప్పలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అనే సుగంధపు జిగురు, ఇలా కానుకలు మూడు కనుక మనుషులూ ముగ్గురే అనే అలవాటు వచ్చింది. మీ దగ్గర పిల్లలు ఎక్కువగా ఉంటే ఐదుగురిని పెట్టండి, ఏ తప్పూ లేదు. వారు వచ్చేసరికి ఆ కుటుంబం ఇంట్లో ఉందని మత్తయి రాశాడు కాబట్టి కాపరులనూ జ్ఞానులనూ వేర్వేరు దృశ్యాల్లో చూపిస్తే ఇంకా బాగుంటుంది. బోళం గురించి పిల్లలకు ఒక మాట తప్పక చెప్పండి. యేసును సమాధి చేసేటప్పుడు నీకొదేము అనే యూదుల అధికారి తెచ్చినదానిలో కూడా బోళం ఉంది. తొట్టిలోని శిశువుకు అందిన కానుకల్లోనే ఆయన మరణపు వాసన ఉందని పెద్ద పిల్లలు అర్థం చేసుకుంటారు.

క్రిస్మస్ తాత వెనుక నికొలస్ అనే నిజమైన మనిషి ఉన్నాడు. నాలుగో శతాబ్దంలో నేటి టర్కీలోని మైరా పట్టణానికి బిషప్. పెళ్లి చేయడానికి డబ్బు లేని ఒక తండ్రి ఇంట్లోకి రాత్రివేళ ఎవరికీ తెలియకుండా బంగారం వేసి వచ్చాడనే కథ ఆయన పేరుమీద తరతరాలుగా చెప్పుకుంటున్నారు. వేషం వేయించాలా వద్దా అన్నది మీ సంఘం నిర్ణయించుకోవచ్చు. మంచిగా ఉంటేనే తాత బహుమతి తెస్తాడనే మాట మాత్రం నాటికలో పెట్టవద్దు. పెద్దాయన ఎందుకు అభ్యంతరపెట్టారో నాకు తెలియదు గానీ, నా అభ్యంతరం అక్కడే ఉంది. మంచి పిల్లలకే కానుక అనే బోధ ఇప్పటివరకు మనం చెప్పుకున్నదానికి పూర్తిగా విరుద్ధం.

డిసెంబరు 25 బైబిల్లో లేదన్నది నిజమే. ఆ తేదీన పండుగ జరిగినట్టు రోము నగరంలో క్రీ.శ. 336 నాటి ఆధారం ఉంది. ఆర్మీనియా సంఘం ఈనాటికీ జనవరి 6న చేస్తుంది. తేదీ సంఘం ఏర్పరచుకున్నది, జరిగిన సంగతి దేవుడు చేసినది.

ప్రశ్న: అక్టోబరులో నా పని పోయింది. ముగ్గురు పిల్లలు. ఈసారి కొత్త బట్టలు కొనలేను. అందరూ కొత్త బట్టల్లో వచ్చే ఆరాధనకు పాత బట్టల్లో పిల్లలను తీసుకువెళ్లడం నాకు సిగ్గుగా ఉంది. ఆ ఒక్క రోజూ ఇంట్లోనే ఉండిపోదామనుకుంటున్నాను. — ఒక తండ్రి, వ్యాసర్పాడి

జవాబు: సోదరా, దయచేసి ఇంట్లో ఉండిపోవద్దు.

లూకా 2:24లో ఒక చిన్న వివరం ఉంది, చాలామంది చూడకుండా దాటిపోతారు. యేసు పుట్టిన తర్వాత శుద్ధిదినాలు గడిచాక మరియ యోసేపులు దేవాలయానికి వెళ్లి గువ్వల జతనైనా రెండు పావురపు పిల్లలనైనా అర్పించడానికి సిద్ధపడ్డారు. లేవీయకాండము 12వ అధ్యాయం ప్రకారం తల్లి అర్పించవలసినది ఏడాది గొర్రెపిల్లను. దానికి తాహతు లేనివారికే పక్షుల జత. దేవుని కుమారుణ్ణి చేతుల్లో పెట్టుకున్న ఆ తల్లి, గుడిలో బీదవారి వరుసలో నిలబడింది. నీ పిల్లలు పాత బట్టలతో వస్తే, ఆ రోజు ఎవరి పుట్టుకను తలచుకుంటున్నామో ఆ కుటుంబానికే దగ్గరగా ఉంటారు. ఉతికిన బట్టలు వేసి, తల దువ్వి, ముందు వరుసలోనే కూర్చోబెట్టు.

సంఘ పెద్దలకు కూడా ఈ జవాబులోనే ఒక మాట. "చెప్ప శక్యము కాని ఆయన వరమును గూర్చి దేవునికి స్తోత్రము" అని మనం క్రిస్మస్ కార్డుల మీద అచ్చువేసుకునే వాక్యం (2 కొరింథీ 9:15) ఏ సందర్భంలోదో గుర్తుచేసుకోండి. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం పౌలు చందా పోగుచేస్తూ రెండు అధ్యాయాల పాటు డబ్బు గురించే రాసి, చివర ఆ మాటతో ముగించాడు. క్రీస్తు ధనవంతుడై ఉండి మన కోసం దరిద్రుడయ్యాడనే మాట కూడా అక్కడిదే. దేవుని వరం గురించిన ఆ స్తోత్రం ఒక చందా ఉత్తరంలో పుట్టింది. కాబట్టి మీ సంఘంలో ఎవరికి పని పోయిందో, ఎవరి ఇంట్లో జబ్బు ఉందో డిసెంబరు మొదటి వారంలోనే కనుక్కోండి. పండుగకు ముందే, ఇంటికి వెళ్లి, నలుగురికీ తెలియకుండా ఇచ్చిరండి. పేదలను వేదిక మీదికి పిలిచి, పేరు చదివి, చీర చేతికిచ్చి ఫొటో తీసే పద్ధతిని నేను చాలా చోట్ల చూశాను. తీసుకునే స్త్రీ చీరను అందుకుంటూ కెమెరా వైపు కాకుండా నేల వైపు చూస్తుంది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని చెప్పిన ప్రభువు పుట్టినరోజున అది మనకు తగదు.

ప్రశ్న: ఆగస్టులో మా ఆయన పోయారు. ఈ సంవత్సరం ఇంటికి నక్షత్రం కట్టకూడదు, పిండివంటలు చేయకూడదు, క్యారల్స్‌వారిని కూడా రావద్దని చెప్పమని మా అత్తగారి వైపు పెద్దలు అంటున్నారు. పిల్లలు నక్షత్రం కట్టమని అడుగుతున్నారు. నాకు ఏదీ తోచడం లేదు. — ఒక సోదరి, కొరుక్కుపేట

జవాబు: అమ్మా, మీ దుఃఖానికి దేవుడు తోడుగా ఉండును గాక.

ఏడాది పాటు పండుగలు చేయకపోవడం మన తెలుగు కుటుంబాల్లో పాతదైన మర్యాద. చనిపోయినవారి మీద ఉన్న ప్రేమ నుంచి వచ్చినది కాబట్టి మీ పెద్దలతో వాదానికి దిగవద్దు. అయితే క్రిస్మస్‌ను సంబరంగా మాత్రమే తలిస్తేనే, దుఃఖంలో ఉన్న ఇంటికి అది తగదనిపిస్తుంది. మత్తయి రాసిన జన్మ వృత్తాంతంలోనే, హేరోదు చంపించిన పసిపిల్లల కోసం బేత్లెహేము తల్లుల ఏడుపు ఉంది. తన పిల్లలు లేకపోయినందున ఓదార్పు పొందనొల్లని, ఇశ్రాయేలీయుల పూర్వమాత రాహేలు గురించిన ప్రవక్త మాటను అతడు అక్కడ ఎత్తి రాశాడు. సువార్త ఆ ఏడుపును దాచిపెట్టలేదు.

హెబ్రీ పత్రిక రెండో అధ్యాయం, పద్నాలుగు, పదిహేను వచనాలు మీ ఇంట్లో చదువుకోండి. మనం రక్తమాంసాలు గలవారం కాబట్టి ఆయన కూడా వాటిలో పాలివాడయ్యాడని, తన మరణం ద్వారా మరణపు బలం గలవాణ్ణి నశింపజేయడానికి, జీవితకాలమంతా మరణభయంతో దాస్యంలో ఉన్నవారిని విడిపించడానికి అలా చేశాడని అక్కడ ఉంది. చనిపోగలిగిన శరీరం కావాలనే ఆయన శరీరం ధరించాడు. మీ భర్త ఏ ద్వారం గుండా వెళ్లారో ఆ ద్వారం గుండా ఆయన కూడా వెళ్లి, అవతలి వైపు నుంచి తిరిగి వచ్చాడు. కాబట్టి ఈ ఏడాది అందరికంటే మీ ఇంటికే క్రిస్మస్ ఎక్కువ అవసరం. చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, కాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. ఆరాధనలో మీకు ఏడుపు వస్తే ఆపుకోనక్కరలేదు. అది అవిశ్వాసం కాదు.

నక్షత్రం కట్టడం మీ స్వేచ్ఛ. వాక్యంలో కట్టాలనీ లేదు, కట్టకూడదనీ లేదు. పిల్లలు తండ్రిని పోగొట్టుకున్నారు, పండుగ కూడా పోయిందనుకోకుండా ఉంటే మేలని నాకు అనిపిస్తుంది. మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె కూడా కొడుకును పోగొట్టుకున్న తల్లే అని గుర్తుంచుకుని, పిల్లల కోరిక చెప్పండి. పోయిన ఏడాది మీ ఆయన కట్టిన నక్షత్రం ఇంట్లో ఉంటే అదే చాలు, కొత్తది కొనవద్దు. పిండివంటలు ఈసారికి మానేస్తే నష్టమేమీ లేదు. క్యారల్స్‌వారికి మీ సంఘ కాపరి ద్వారా ముందుగానే కబురు పెట్టండి: డప్పులు లేకుండా నలుగురైదుగురు వచ్చి, ఒక పాట పాడి, హెబ్రీ పత్రికలోని ఆ వచనాలు చదివి, ప్రార్థన చేసి వెళ్లమని చెప్పండి. వారు తప్పక ఒప్పుకుంటారు. ఎవరూ ఒప్పుకోకపోతే మా పత్రిక కార్యాలయానికి రాయండి, మీ ప్రాంతంలోని తెలుగు సంఘాలతో మేము మాట్లాడతాం.